వరద వస్తే లెక్కలోకి రాని గంటలు

మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. మరుసటి రోజు మునిగింది మాత్రం సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న వరంగల్, హనుమకొండ. డోర్నకల్ రైల్వే స్టేషన్‌లో పట్టాలు నీళ్ల కింద కనపడకుండా పోయాయి. మా కాలనీలో మధ్యాహ్నం కరెంటు పోయింది, చీకటి పడేలోపు సిగ్నల్ పోయింది. ఇంట్లో బురద కడుక్కుని నాలుగో రోజు రీచార్జ్ షాపుకు వెళ్తే అక్కడ ఒకటే గొడవ: ఫోన్ పనిచేయని రోజులకు వ్యాలిడిటీ పెంచుతారా, పెంచరా? షాపు పిల్లగాడి చేతిలో ఏముంటుంది? అక్కడే కస్టమర్ కేర్‌కు ఫోన్ కలిపిన ఒక పెద్దాయనకు వచ్చిన జవాబు ఇది: "ప్రకృతి వైపరీత్యం కదా సార్, దానికి వర్తించదు."

ఆ జవాబు రూల్ ప్రకారం సరైనదే. గొడవంతా ఆ రూల్‌తోనే.

2024 ఆగస్టు 2న ఫోన్ కంపెనీల మీద కేంద్రం పెట్టిన నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త సేవా నాణ్యత నిబంధనలు ప్రకటించింది. అక్టోబర్ 1 నుంచి అమలు. చదివితే మొదట సంతోషం కలుగుతుంది. ఒక జిల్లాలో నాలుగు గంటలకు మించి నెట్‌వర్క్ ఆగితే ఆ సంగతి కంపెనీ 24 గంటల్లో ట్రాయ్‌కి చెప్పాలి. అంతరాయం 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు వ్యాలిడిటీ పొడిగింపు ఇవ్వాలి. ఆగిన రోజులు లెక్కించేటప్పుడు, ఒక రోజులో 12 గంటలకు మించి ఆగినా పూర్తి రోజు కిందే లెక్క. మన దేశంలో నెట్‌వర్క్ పోవడానికి ఒక ధర కట్టడం, ఆ డబ్బు నేరుగా వాడకందారుకు చేరాలనడం పెద్ద మార్పు. కానీ అందులోనే ఒక మినహాయింపు పెట్టారు. అంతరాయానికి కారణం ప్రకృతి వైపరీత్యం అయితే ఈ పరిహారం ఇవ్వనక్కర్లేదు.

ఇది వెలువడి నెల కూడా తిరగకుండానే, సెప్టెంబర్ 1న, ఆకేరు వాగు మహబూబాబాద్ జిల్లాను ముంచింది. మరిపెడ మండలం సీతారాం తండా ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కాగితం మీద రాసుకున్న మినహాయింపు నేల మీద ఎలా ఉంటుందో నెల రోజుల్లోనే కళ్ల ముందుకు వచ్చింది. అప్పటికి అమలు తేదీకి ఇంకా నెల ఉంది. సవరించడానికి సమయం లేకపోలేదు. అక్టోబర్ 1న ఆ నిబంధనలు అలాగే అమల్లోకి వచ్చాయి.

ఈ మినహాయింపు మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఇంకో ఏడాది వెనక్కి వెళ్లాలి. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని చుట్టేసింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. ఆర్మీ హెలికాప్టర్లు, ఎన్డీఆర్ఎఫ్ పడవలు వచ్చే దాకా అక్కడే ఉన్నారు. అదే వానలో జంపన్నవాగు ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచి ప్రాణాలు తీసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. మా చిన్నమ్మ వాళ్లది ఏటూరునాగారం దారిలోనే ఒక ఊరు. పొద్దున ఆరింటికి ఒక్కసారి ఫోన్ కలిసింది. "బిడ్డా, నీళ్లు గడప దాటినయి, బర్రెలను ఇప్పేసినం" అన్నది. ఇంకేమైనా అడిగేలోపే కట్ అయింది. తర్వాత మూడు రోజులు నేను ఆ నంబర్‌కు ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. నాలుగో రోజు వాళ్లబ్బాయి గోవిందరావుపేట దాకా నడిచొచ్చి వేరేవాళ్ల ఫోన్ నుంచి మాట్లాడాడు. అందరూ బాగున్నారు. బర్రెలు రెండు పోయాయి.

ఆ వరదకు నెలన్నర ముందే, జూన్ 15న, బిపర్జాయ్ తుఫాను గుజరాత్‌లో జఖౌ దగ్గర తీరం దాటింది. అక్కడ టెలికాం శాఖ ముందుగానే ఆదేశం ఇచ్చింది. తుఫాను దారిలో ఉన్న జిల్లాల్లో ఏ కంపెనీ సిమ్ ఉన్నవాళ్లయినా, ఏ కంపెనీ సిగ్నల్ దొరికితే దానితో మాట్లాడుకోవచ్చు. జూన్ 17 రాత్రి దాకా ఈ ఏర్పాటు. అంటే పద్ధతి తెలియక కాదు, చేతగాక కాదు. తుఫాను అయిదారు రోజుల ముందే పేరు పెట్టుకుని వస్తుంది. ఢిల్లీలో మీటింగులు జరుగుతాయి, ఆదేశాలు వెళ్తాయి, డీజిల్ నిల్వ చేస్తారు. మోరంచవాగు అర్ధరాత్రి వస్తుంది. ఆదేశం మీద నడిచే ఏర్పాటు ఆదేశం రాయడానికి టైం ఉన్నచోటే పనిచేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది ఎక్కువమందికి తెలియదు. 2007 నుంచి పెద్ద ఫోన్ కంపెనీలు టవర్లను విడదీసి వేరే కంపెనీలకు అప్పగించాయి. ఇండస్ టవర్స్ పుట్టింది ఆ ఏడాదే. ఒకే టవర్ మీద ఇద్దరు ముగ్గురు పరికరాలు పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, కాల్ రేట్లు తగ్గుతాయి. అది నిజంగానే జరిగింది, మనందరికీ లాభం కలిగింది. కానీ ఏజెన్సీ ఊళ్లలో దీని అర్థం వేరు. ఊరికి ఉన్నది ఒకటే టవర్ అయితే, దాని బ్యాటరీ దిగిపోతే, దాని మీదున్న అన్ని కంపెనీల సిగ్నల్ ఒకేసారి పోతుంది. అప్పుడు ఏ సిమ్‌తోనైనా మాట్లాడుకోవచ్చని ఆదేశం ఇచ్చినా మాట్లాడటానికి బతికున్న టవర్ ఉండదు. లైసెన్స్ ఉన్నది ఫోన్ కంపెనీకి. టవర్ కంపెనీకి ఉన్నది ఉత్త రిజిస్ట్రేషన్. జనరేటర్‌లో డీజిల్ పోసే మనిషి ఆ టవర్ కంపెనీ కాంట్రాక్టర్ కింద ఉంటాడు. మనం ఎవరిని అడగాలి?

లెక్కల సంగతీ చూడాలి. 2009 నాటి పాత నిబంధనల్లో టవర్లు ఆగిపోయిన సమయం నెలకు సగటున 2 శాతం మించకూడదని ఉండేది. సర్కిల్ మొత్తానికి సగటు. మనం రాష్ట్రం తెచ్చుకున్నా టెలికాం వాళ్లకు ఇప్పటికీ తెలంగాణ, ఆంధ్ర కలిపి ఒకటే సర్కిల్. నెలకు 720 గంటలనుకుంటే 2 శాతం అంటే 14 గంటల పైచిలుకు. ఏటూరునాగారం వైపు ఒక టవర్ నాలుగు రోజులు, అంటే 96 గంటలు, చచ్చిపోయి ఉన్నా దానితోపాటు ఇంకో ఆరు టవర్లు బాగా నడిస్తే సగటు 2 శాతం లోపే వస్తుంది. రెండు రాష్ట్రాల్లో ఉన్న వేల టవర్ల మధ్య మా చిన్నమ్మ ఊరి మూడు రోజులు ఎక్కడ కనపడతాయి? కొత్త నిబంధనల్లో పరిహారానికి జిల్లాను కొలతగా తీసుకున్నారు. అది నయమే, కానీ వాగు జిల్లా మొత్తాన్ని ముంచదు. నాలుగు ఊళ్లను ముంచుతుంది.

కంపెనీల వాదన కూడా చెప్పాలి. రోడ్డు తెగిపోతే డీజిల్ బండి ఎలా వెళ్తుందంటారు. షాక్ కొడుతుందని కరెంటోళ్లే సప్లై ఆపేస్తారు. కల్వర్టు కొట్టుకుపోతే పక్కన పాతిన ఫైబర్ కూడా తెగుతుంది, అప్పుడు టవర్‌కు కరెంటున్నా లాభం లేదు. బ్యాటరీలు, డీజిల్ దొంగతనాలు మామూలే. ఇవన్నీ నిజాలే. వరద మధ్యలో టవర్ ఎక్కమని ఏ కూలివాణ్నీ ఎవరూ అడగడం లేదు. వాగు ఎక్కడ పొంగుతుందో, ఏ లో లెవల్ వంతెన మునుగుతుందో ఊళ్లో చిన్న పిల్లలు కూడా చెబుతారు. వానాకాలానికి ముందే ఆ టవర్లకు పెద్ద బ్యాటరీలు పెట్టి, ట్యాంకు నింపి, రెండో దారిలో ఫైబరో మైక్రోవేవ్ లింకో ఉంచడం మే నెలలో చేయాల్సిన పని. ఎలాగూ మినహాయింపు ఉన్నప్పుడు ఆ ఖర్చు ఎవరు పెడతారు?

ఖర్చు పేరుతో ఇలాంటి రూల్‌ను అడ్డుకోవడం వేరే చోట్లా జరిగింది. 2005లో కత్రినా తుఫాను తర్వాత అమెరికాలో ప్రతి సెల్ టవర్‌కు కనీసం 8 గంటల బ్యాకప్ ఉండాలని అక్కడి నియంత్రణ సంస్థ 2007లో రూల్ పెట్టింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, మరుసటి ఏడాది అది మూలపడింది. ఆ తర్వాత కాలిఫోర్నియా అడవి మంటల్లో ఫోన్లు పనిచేయక జనం అల్లాడాక, 2020లో ఆ రాష్ట్రం మంటల ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతాల వరకు 72 గంటల బ్యాకప్ తప్పనిసరి చేసింది. రాష్ట్రమంతా కాకుండా ముప్పున్న చోటే పెట్టారు. మనకూ కావాల్సింది అదే కదా. రాష్ట్రంలోని టవర్లన్నీ అక్కర్లేదు. మోరంచ, జంపన్నవాగు, ఆకేరు, మున్నేరు ఒడ్డున్న టవర్లు చాలు.

మన దగ్గర బ్యాటరీ గంటల మాట ఎందుకు రాలేదని వెతికితే 2012 నాటి ఒక ఆదేశం కనపడుతుంది. పల్లెల్లో 50 శాతం టవర్లను 2015కల్లా, 75 శాతాన్ని 2020కల్లా కరెంటుతోపాటు సౌరశక్తి లాంటి వాటితో నడపాలని టెలికాం శాఖ చెప్పింది. డీజిల్ పొగ తగ్గించడం దాని ఉద్దేశం. కరెంటు పోయినా టవర్ నిలబడాలన్నది అందులో లక్ష్యంగా లేదు. 2022 జులై 27న, మోరంచపల్లి మునగడానికి సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన, సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి కేంద్ర కేబినెట్ 26,316 కోట్లు మంజూరు చేసింది. ఇదీ మంచి పనే. టవర్ నిలబెట్టడం మీద ఇంత డబ్బు ఉంది, వాన రాత్రి దాన్ని నిలబెట్టి ఉంచడం మీద అంత పట్టింపు కనపడదు.

2023 ఆగస్టు, సెప్టెంబర్‌లో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా మోత మోగి టెన్షన్ పెట్టాయి, గుర్తుందా? విపత్తు హెచ్చరికల కోసం చేసిన టెస్ట్ అది. దండోరా వేసే మనిషికి బదులు ఫోనే మోగుతుంది. ఆ హెచ్చరిక కూడా టవర్ నుంచే రావాలి. బ్యాటరీ దిగిన టవర్ కింద ఉన్న ఊరికి ఆ మోత వినపడదు. 112కు కాల్ పోదు, 108కి పోదు.

ఇప్పుడు ఈ గొడవ రీచార్జ్ షాపు దాటి వెళ్లాల్సిన చోటు ఒకటుంది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోని సెక్షన్ 20 విపత్తు వేళ ఏ నెట్‌వర్క్‌నైనా తాత్కాలికంగా చేతిలోకి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది, సహాయక బృందాల కాల్స్‌కు ముందు దారి ఇవ్వమని ఆదేశించవచ్చంటుంది. ఇది 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఆగిపోయిన టవర్‌ను చేతిలోకి తీసుకుని ప్రభుత్వం ఏం చేస్తుంది? నా దృష్టిలో అసలైనది సెక్షన్ 3. నెట్‌వర్క్ నెలకొల్పే వాళ్లు, నడిపే వాళ్లు ఆథరైజేషన్, అంటే ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలని అది చెబుతుంది. ఆ ఆథరైజేషన్‌కు ఏ షరతులు ఉండాలో చెప్పే ముసాయిదాలు 2025 సెప్టెంబర్‌లో బయటికి వచ్చాయి. ముంపు వాగుల ఒడ్డున ఉన్న టవర్‌కు ఎన్ని గంటల బ్యాకప్ ఉండాలో ఆ షరతుల్లోకి ఎక్కించమని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులుగా ఉన్న మన కలెక్టర్లు, రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి రాయవచ్చు. మినహాయింపును ముందే ఏర్పాట్లు చేసుకున్న కంపెనీకి మాత్రమే ఇవ్వమని ట్రాయ్‌ని అడగవచ్చు.

మొంథా వెళ్లాక ఆదివారం మా చిన్నమ్మ ఊరికి పోయాను. టవర్ కింద జనరేటర్ ఉంది. ట్యాంకు మూతకు తాళం ఉంది. తాళంచెవి ములుగులో ఉండే టెక్నీషియన్ దగ్గర ఉంటుందట. వాగు వస్తే ఆ దారి మునుగుతుంది.