లిస్బన్ నుంచి హెల్సింకికి ఎంతసేపు?

యూరప్ నైరుతి మూలన అట్లాంటిక్ ఒడ్డున ఉన్న లిస్బన్‌కూ, బాల్టిక్ ఒడ్డున ఉన్న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికీ మధ్య దూరం సుమారు 3,360 కిలోమీటర్లు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్లకూ గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య దారాన్ని బిగించి కడితే అది పరుచుకునే దారి పొడవే ఈ లెక్క. దీన్ని మహావృత్త మార్గం అంటారు. ఈ దారిన వెళ్లే విమానం బయలుదేరేటప్పుడు ఉత్తరం నుంచి తూర్పుకు దాదాపు 34 డిగ్రీల దిశలో ఉంటే, చేరేటప్పటికి 60 డిగ్రీల దిశలో ఉంటుంది. రేఖాంశాలు ధ్రువం వైపు దగ్గరపడుతూ పోతాయి కనుక, ముక్కుసూటిగా వెళ్తున్నా దిక్సూచి లెక్క ఇలా మారుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే దిక్కు పట్టుకుని వెళ్తే సుమారు 30 కిలోమీటర్లు ఎక్కువవుతాయి. అంటే రెండు నిమిషాల ఇంధనం.

దూరం మారదు కానీ సమయం మారుతుంది. యూరప్ మీద ఎత్తున వీచే గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు సాగుతాయి. విమానం వేగం గాలితో పోలిస్తే గంటకు 830 కిలోమీటర్లనీ, వెనక నుంచి తోసే గాలి 80 కిలోమీటర్లనీ అనుకుందాం. అప్పుడు, లెక్క సులువు కోసం 3,000 కిలోమీటర్లే తీసుకుంటే, అవి దాటడానికి 3 గంటల 18 నిమిషాలు చాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలికి ఎదురెళ్తే 4 గంటలు పడుతుంది. పోతూ సంపాదించినది వస్తూ పోగొట్టుకుంటే లెక్క సరిపోతుందనుకుంటాం గానీ, సరిపోదు: గాలి లేని రోజుకన్నా రానూ పోనూ కలిపి 4 నిమిషాలు ఎక్కువే. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ కావడమే ఇందుకు కారణం.

టికెట్టు మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. హెల్సింకి గడియారం లిస్బన్ కన్నా ఎప్పుడూ 2 గంటలు ముందుంటుంది. లిస్బన్‌లో ఉదయం 10 గంటలకు ఎక్కి నాలుగున్నర గంటలు ఎగిరితే, అక్కడ సాయంత్రం 4:30కు దిగుతాం. 5:30కు వెనుదిరిగి అయిదు గంటలు ప్రయాణిస్తే లిస్బన్‌లో రాత్రి 8:30 అవుతుంది. కాగితం మీద మొదటిది ఆరున్నర గంటలు, రెండోది మూడే. ఈ రెంటి సగటు తీస్తే గడియారాల తేడా కొట్టుకుపోయి, 4 గంటల 45 నిమిషాల అసలు సగటు తేలుతుంది.

అయితే ప్రయాణం ఎప్పుడు ముగిసినట్టు? యూరోపియన్ యూనియన్‌లో 3 గంటలు, అంతకు మించిన ఆలస్యానికి, విమానసంస్థ చేతిలో లేని అసాధారణ కారణాలైతే తప్ప, పరిహారం ఇవ్వాలి. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వెళ్లిన ఒక విమానం చక్రాలు నేలను తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. నిలిచే చోటికి చేరేసరికి 3 గంటల 3 నిమిషాలు. ఆ అయిదు నిమిషాల వివాదం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ప్రయాణికులు దిగడానికి వీలుగా కనీసం ఒక తలుపు తెరుచుకున్న క్షణమే చేరిన సమయమని 2014లో న్యాయస్థానం తేల్చింది.