గాజు పెట్టె ఊపిరి

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "సార్, మిగ్-21 మోడల్ కష్టపడి చేసిన. గాజు పెట్టెల వెట్టి తలుపు గట్టిగ మూసిన. తియ్యనే లేదు. అయినా నెల తిరగకముందే రెక్కల మీద దుమ్ము వడ్డది. మూసిన పెట్టెలకు ఎట్లొచ్చింది?"

ప్రశ్న చివరి వాక్యంలోనే అసలు సంగతి ఉంది. బాగా మూసిన పెట్టెలోకి దుమ్ము వస్తోందంటే గాలి వస్తోందన్నమాట. మనం తలుపు తియ్యకపోయినా పెట్టె ఊపిరి పీలుస్తూనే ఉంటుంది.

దుమ్ము ఎక్కడిదో చంద్రపూర్ జిల్లాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. వార్ధా లోయ బొగ్గు గనులు, సిమెంటు బట్టీలు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, వీటి మధ్య తిరిగే లారీలు. అది మోడల్‌కి చేసే నష్టం మాత్రం చెప్పాలి. ఆ విమానం 1/72 స్కేలులో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో ఉంది. దాని పక్కన చేరిన ప్రతిదాన్నీ కన్ను 72 రెట్లు పెంచి చూస్తుంది. బట్టల నుంచి రాలిన నూలు పోగు మందం 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, ఆ రెక్క మీద అది మూడున్నర మిల్లీమీటర్ల మందం కేబులు. పోగు పొడవు సెంటీమీటరైతే 72 సెంటీమీటర్ల కేబులు. కాక్‌పిట్ పారదర్శక మూత మీద అలాంటి పోగు ఒక్కటి పడిందా, అంతవరకూ విమానంలా కనిపించింది కాస్తా ప్లాస్టిక్ బొమ్మ అయిపోతుంది.

ఇప్పుడు ఊపిరి లెక్క చూద్దాం. పెట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు అనుకోండి. లోపల 54 లీటర్ల గాలి. తెల్లవారుజామున గది 27 డిగ్రీలు, మధ్యాహ్నం 37. కెల్విన్లలో 300 నుంచి 310. పీడనం మారకపోతే గాలి ఘనపరిమాణం ముప్పయ్యో వంతు పెరగాలి, అంటే 1.8 లీటర్లు. ఆ గాలి సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అంత గాలీ గదిలోంచి లోపలికి వస్తుంది, గదిలోని దుమ్ముతో సహా. బయటికి పోయినప్పుడు మాత్రం దుమ్ము వెంట పోదు. పెట్టెలో గాలి కదలిక దాదాపు ఉండదు కాబట్టి వచ్చిన రేణువు రెక్క మీదో, నేల మీదో కూర్చుండిపోతుంది. రోజూ ఇదే జరుగుతుంది.

ఇది చార్లెస్ నియమమే. 1783లో హైడ్రోజన్ బెలూన్‌లో ఎగిరిన జాక్ చార్లెస్ పేరుతో బళ్లలో చెప్పేది. పిల్లలు దాన్ని అప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటారు. ఇంట్లో ఉన్న పెట్టె రోజూ ఎంత గాలి పీలుస్తుందో లెక్కగట్టమని మాత్రం మనం ఎన్నడూ అడగం. అడిగితే ఆ నియమాన్ని జన్మలో మర్చిపోరు.

వాతావరణ పీడనం పాత్ర కూడా కొంత ఉంది. మన అక్షాంశాల్లో అది రోజుకి రెండుసార్లు, ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ దరిదాపుల్లో పెరిగి, తెల్లవారుజామునా సాయంత్రమూ నాలుగింటికల్లా తగ్గుతుంది. తేడా మూడు హెక్టోపాస్కల్స్, అంటే మొత్తం పీడనంలో వెయ్యికి మూడు వంతులు అనుకుంటే 54 లీటర్ల పెట్టెకి 160 మిల్లీలీటర్లు. ఉష్ణోగ్రత చేసే పని ముందు ఇది చిన్నది.

మరైతే గాలి చొరబడకుండా సీలు చేసేస్తే? చెయ్యలేం. సీలు నిజంగా పట్టిందనుకుంటే, ఆ పది డిగ్రీల తేడాకి లోపలి పీడనం వాతావరణ పీడనంలో ముప్పయ్యో వంతు మారుతుంది. 60×30 సెంటీమీటర్ల గాజు తలుపు మీద అది 60 కిలోల పైచిలుకు బరువు. నాలుగు మిల్లీమీటర్ల గాజు వంగుతుంది, జిగురు ఎక్కడో ఒకచోట విడుస్తుంది, మళ్లీ అక్కణ్నుంచే గాలి ఆడుతుంది. పెట్టెకి ఊపిరి తప్పదు. దాని ముక్కు ఎక్కడ ఉండాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే భాగం ఇక్కడ మొదలవుతుంది. ముక్కు అడుగున, నేలవైపు చూస్తూ ఉందనుకోండి: 60 సెంటీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు సందు. 1.8 లీటర్లు ఆరు గంటల్లో లోపలికి రావాలంటే ఆ సందులో గాలి నిమిషానికి ఎనిమిది మిల్లీమీటర్ల వేగంతో పైకెక్కుతుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం, నీటి సాంద్రత ఉన్న పది మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలో నిమిషానికి 18 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. గాలి దాన్ని ఎక్కించలేదు. బొగ్గు, బూడిద నీటికంటే బరువు, ఇంకా త్వరగా దిగుతాయి. ఒక మైక్రాన్ రేణువు మాత్రం నిమిషానికి రెండు మిల్లీమీటర్లే దిగుతుంది కాబట్టి గాలితోపాటు ఎక్కేస్తుంది. వేగం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. లెక్క వేస్తే హద్దు రెండు మైక్రాన్ల దగ్గర తేలుతుంది. కేవలం సందుని కిందికి తిప్పినందుకే ముతక దుమ్ము మొత్తం ఆగిపోయింది! అదే సందు పెట్టె పైకప్పులో ఉంటే పెట్టె పీల్చకపోయినా దుమ్ము తనంతట తానే రాలిపడుతుంది. మన దగ్గర ఎక్కువ పెట్టెలకి మూత పైనే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే కూలర్ వేస్తాం. పెట్టెలో గాలి 40 నుంచి 30 డిగ్రీలకి అరగంటలో దిగిందనుకుంటే, ఆరు గంటల ఊపిరి అరగంటలో పీల్చినట్టు. సందులో వేగం పన్నెండు రెట్లవుతుంది. ఇప్పుడు ఏడు మైక్రాన్ల రేణువులూ ఎక్కుతాయి. పైగా కూలర్ తెచ్చేది వీధిలోని గాలి. పెట్టె గట్టిగా పీల్చే సమయమూ, గదిలోకి బయటి గాలి వచ్చిపడే సమయమూ ఒకటే.

దీపాలు పెట్టాక ఇల్లు ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మన ఇళ్లల్లో ఇప్పటికీ అంటారు. లక్ష్మి సంగతి నేను నమ్మను. కానీ ఇల్లు చల్లబడి పెట్టె లోపలికి పీల్చే వేళ అదే కాబట్టి, మోడల్స్ ఉన్న గదిలో ఆ నియమం పాటించండి. ఊడ్చేది ఉదయం ఊడవండి.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. తలుపు అంచులకి ఫోమ్ టేపు అంటించండి. గాజు అతుకులకి న్యూట్రల్ సిలికాన్ పట్టించండి. పులిసిన వాసన కొట్టే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పాత కిట్లలో సీసం కలిసిన లోహపు చక్రాలు, కాళ్లు ఉంటే దానికి తెల్లటి పొడిగా తేలిపోతాయి. రాత్రి లైట్లు ఆర్పి, వెలిగించిన టార్చి పెట్టెలో పెట్టి మూసి చుట్టూ చూడండి. వెలుతురు గీతలా కారే ప్రతిచోటా గాలి కారుతుంది. అన్నీ మూశాక అడుగు పలకలో రెండు సెంటీమీటర్ల రంధ్రం ఒక్కటి చేసి, లోపలివైపు ఎన్95 మాస్కు ముక్క అంటించండి. ఆ మాస్కుని పరీక్షించేది నిమిషానికి 85 లీటర్ల ప్రవాహంతో; మన పెట్టెకి కావలసింది నిమిషానికి ఐదు మిల్లీలీటర్లు, కూలర్ వేసినా అరవై. ముక్క చిన్నదైనా ఊపిరాడకపోవడం ఉండదు. పెట్టె కింద రబ్బరు కాళ్లు పెట్టి ఎత్తండి. రంధ్రం ఒక్కటే ఉండాలి. పైనొకటి, కిందొకటి పెడితే లోపలి వేడిగాలి పైనుంచి పోతూ కిందినుంచి కొత్త గాలిని లాగుతూనే ఉంటుంది, ఫ్యాను గాలి కూడా ఈ చివర నుంచి ఆ చివరకి తోసుకుపోతుంది. ఎల్ఈడీ దీపం పెట్టాలనుకుంటే దాని అడాప్టర్ బయట ఉంచండి. లోపల ఉంటే స్విచ్ వేసి ఆర్పిన ప్రతిసారీ ఒక ఊపిరి.

అక్రిలిక్ పెట్టె ఉన్నవాళ్లు ఎండాకాలంలో పొడి గుడ్డతో తుడవొద్దు. రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి దుమ్ముని దగ్గరికి లాగుతుంది. తడి చేసి పిండిన మెత్తటి గుడ్డ వాడండి.

మ్యూజియంలలో కొన్ని పెట్టెల్లోకి వడగట్టిన గాలిని నిరంతరం తోస్తారు. పెట్టె ఎప్పుడూ ఊపిరి వదులుతూనే ఉంటుంది కాబట్టి సందుల్లోంచి దుమ్ము రాదు. అక్వేరియం పంపుతో ఇంట్లోనూ చెయ్యొచ్చని చాలామందికి తోస్తుంది. పంపు నిమిషానికి రెండు లీటర్లు తోస్తే రోజుకి 2,880 లీటర్లు. ఫిల్టరు అతి సన్నని రేణువుల్లో 95 శాతం పట్టినా, మిగిలిన ఐదు శాతం 144 లీటర్ల వడగట్టని గాలిలో ఉండేంత. మన చిన్న పెట్టె తనంతట తాను పీల్చేది రోజుకి రెండు లీటర్లు లేదు. అందుకే సందులు మూయడానికి వీల్లేని పాత అద్దాల బీరువాకైతే పంపు పెట్టమంటాను. రాజురా కుర్రాడి పెట్టెకి వద్దు, మాస్కు ముక్క చాలు. వానాకాలం పోయాక దాన్ని మారిస్తే సరి.