ఒంటి ఆవు ఎద: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మన ఆవు పాలు రోజురోజుకూ ఎందుకు తగ్గుతున్నాయని, మేత పెంచితే సరిపోదా అని మీరు అడిగారు. మేత పెంచితే కొంత నిలబడతాయి గానీ, ఆవు పాలిచ్చేది దూడ కోసం కనుక, ఈనిన తరువాత ఒకటి రెండు నెలల్లో బాగా పెరిగి, ఆపైన నెమ్మదిగా తగ్గుతూ పోతాయి. మళ్ళీ నిండుగా పాలు కావాలంటే మళ్ళీ ఈనాలి, ఈనాలంటే చూడి కట్టాలి. ఆవు చూడి మోసేది సుమారు 280 రోజులు. ఏడాదికొక ఈత కావాలని లెక్క వేసుకుంటే ఈనిన తరువాత మన చేతిలో ఉండేవి 85 రోజులు. అందులో గర్భసంచి సర్దుకోవడానికి మొదటి 60 రోజులు వదిలేస్తే మిగిలేవి 25. ఎద, అంటే ఆవు ఆబోతును కోరే సమయం, దాదాపు 21 రోజులకొకసారి వస్తుంది కనుక, ఆ 25 రోజుల్లో మనం పట్టుకోవలసిన ఎద ఒక్కటో, మహా అయితే రెండో. వైద్యుడూ ఆబోతూ దగ్గరలో లేని ఇంట్లో ఈ లెక్క తప్పి 13, 14 నెలలకు ఈనినా నేను పెద్ద నష్టమనుకోను. కానీ ఎద వచ్చి పోయిందని కూడా తెలియకుండా నెలలు గడిచిపోతే మాత్రం, పాలు లేని ఆవును ఊరికే మేపుతూ కూర్చోవలసి వస్తుంది.

మందలో ఉన్న ఆవు ఎదకు వస్తే ఎవరూ చెప్పనక్కరలేదు. పక్క ఆవులు దాని మీదికి ఎక్కుతాయి, అది కదలకుండా నిలబడుతుంది. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు అదే. మన ఆవుకు తోడు లేదు కాబట్టి ఆ గుర్తు మనకు కనిపించదు, చిన్న గుర్తులను పోగుచేసుకోవాలి. ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది, కొన్ని జాతుల్లో ఇంకా తక్కువ, పైగా చాలాసార్లు రాత్రిపూట మొదలవుతుంది. అందుకే తెల్లవారగానే ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి పావుగంట సేపు దాన్ని ఊరికే చూడమని మీకు చెబుతున్నాను. రోజూ కుదురుగా నెమరువేసే ఆవు పదేపదే అరుస్తుంది, కట్టు చుట్టూ తిరుగుతుంది, మేత ముందున్నా తల ఎత్తి దూరంగా చూస్తుంది. పాలు పితకబోతే సరిగా చేపదు. మాటిమాటికీ కొంచెం కొంచెంగా మూత్రం పోస్తుంది. తోక ఎత్తి చూస్తే మానం కాస్త ఉబ్బి, లోపలి పొర ఎర్రబడి ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొన లాంటి తీగ తెగకుండా కిందికి వేలాడుతుంది, లేదా తోక వెంట్రుకలకు అంటుకుని ఎండి మెరుస్తుంది. ఆ తీగ చిక్కగా, తెల్లగా, చీములా ఉంటే అది ఎద తీగ కాదు, గర్భసంచికి జబ్బు. ముందు వైద్యం చేయించాలి.

కొన్నిసార్లు ఇవేవీ కనిపించకుండానే ఒక ఉదయం తోకకు పలచని నెత్తురు మరక కనిపిస్తుంది. భయపడకండి. ఎద జరిగిపోయి రెండు మూడు రోజులైందని అర్థం. ఆ రోజున సూది (ఆబోతు వీర్యాన్ని వైద్యుడు గర్భసంచిలో వేయడాన్ని అలా అంటాం) వేయించినా ప్రయోజనం లేదు గానీ, ఆ తేదీ నుంచి 18, 19 రోజులు లెక్కపెట్టుకుంటే వచ్చే ఎద ఎప్పుడో ముందే తెలుస్తుంది. అందుకే పుస్తకంలో తేదీలు వ్రాయమంటున్నాను, అనుమానంగా ఉన్నవి కూడా.

అండం విడుదలయ్యేది ఎద ముగిసిన 10, 12 గంటలకు. కాబట్టి ఉదయం ఎద చూస్తే ఆ సాయంత్రం, సాయంత్రం చూస్తే మరునాటి ఉదయం సూది వేయించాలన్నది పాత నియమం. దూరాన ఉన్నవాళ్ళకు ఇది కలిసివచ్చే నియమమే, ఎందుకంటే మనం ఆగవలసిన ఆ పన్నెండు గంటలూ వైద్యుడి ప్రయాణానికి సరిపోతాయి. అయితే గుర్తు కనిపించిన క్షణమే కబురు చేయాలి, గట్టిగా తేల్చుకున్నాక చేద్దామని కూర్చోకూడదు.

ఆబోతునే ఎందుకు పెంచుకోకూడదని మీలో ఒకరికి తోచవచ్చు. ఒక్క ఆవు కోసం ఏడాది పొడవునా దాన్ని మేపాలి, ఎంత సాధువుగా పెరిగినా ఆబోతు మనిషిని కుమ్మి చంపగలదు, పిల్లలున్న ఇంట్లో నేను దానికి ఒప్పుకోను. అరువు తెచ్చుకోవచ్చు గానీ, అది ఎన్ని ఆవులను దాటిందో వాటి అంటు రోగాలను కూడా తేవచ్చు కనుక, బ్రూసెల్లా వంటి వాటికి పరీక్ష చేయించనిదే రానివ్వకూడదు. మిగిలినది సూది. వీర్యాన్ని గ్లిజరాల్ కలిపి గడ్డకట్టిస్తే చావకుండా ఉంటుందని 1949లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఇప్పుడు అది సన్నటి గొట్టాల్లో, మైనస్ 196 డిగ్రీల చలిలో, ద్రవ నత్రజనిలో ఎన్నేళ్ళయినా నిలవ ఉంటోంది. ఆ నత్రజని మూత వేసినా ఆవిరవుతూనే ఉంటుంది, నింపేవారు దగ్గర లేకపోతే ఆ పాత్ర మన ఇంట్లో ఉన్నా దండగే.

ఎద తెలియనే తెలియకపోతే వైద్యుడు ఇంజెక్షన్లతో దాన్ని ఒక రోజుకు కుదర్చగలడు, ఆయన వచ్చే రోజు ముందే నిర్ణయమవుతుంది. వాటిలో ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఉంటుంది. అప్పటికే చూడితో ఉన్న ఆవుకు వేస్తే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది, కాబట్టి ముందు పరీక్ష తప్పనిసరి. గర్భవతులు, ఉబ్బసం ఉన్నవారు ఆ సీసాను ముట్టుకోకూడదు.

ఏ ఆబోతు వీర్యం అన్నది చాలామంది పాల లెక్క చూసి తేలుస్తారు. నేను ముందు చూసేది దూడ సైజు. తొలిచూలు పెయ్యకు పెద్ద జాతి వీర్యం వేయిస్తే దూడ అడ్డం పడిన రాత్రి మనకు సాయం గంటల దూరంలో ఉంటుంది. సులువుగా ఈనే సంతతినిచ్చే ఆబోతునే అడగండి, పాలు కొంచెం తగ్గినా పర్వాలేదు.

సూది వేయించిన రోజు నుంచి 18వ రోజు మొదలు 24వ రోజు వరకు మళ్ళీ ఉదయం సాయంత్రం చూడండి. తిరిగి ఎదకు వస్తే చూడి నిలవలేదు, మళ్ళీ కబురు చేయాలి. ఇలా మూడుసార్లు జరిగితే వైద్యుడు గర్భసంచిని, మేతను పరీక్షించాలి. రాకపోయినా చూడి నిలిచిందని నమ్మేయకండి, రెండు మూడు నెలలకు చేతి పరీక్ష చేయించాలి. నిలిచిందని తేలితే పుస్తకంలో రెండు తేదీలు వ్రాయండి: సూది వేసిన రోజుకు 280 రోజులు కలిపి ఈనే తేదీ, దానికి 60 రోజుల ముందు పాలు పితకడం మానే తేదీ.