నీళ్లు ఎన్ని ఉన్నాయి?

హన్మకొండ

పిల్లలూ,

“నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయొద్దు అని పుస్తకంలో ఉంది. ఒంటి మీద పడితే మాత్రం నీళ్లు గుమ్మరించమంటారు. ఇందులో ఏది నిజం?” అని అడిగారు కదా. రెండూ నిజమే. తేడా అంతా నీళ్లు ఎన్ని అన్న దగ్గర ఉంది. మీలో కొందరు ఐటీఐలో చేరబోతున్నారు, ఒకరిద్దరు సెలవుల్లో బ్యాటరీ దుకాణంలో పనికి కుదిరారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చూడటానికి పలచని పాకంలా ఉంటుంది. వాసన ఉండదు, పొగ రాదు. అందుకే చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. 98 శాతం గాఢత ఉన్నది లీటరు తూచితే 1.84 కిలోలు. ఇరవై లీటర్ల క్యాను 37 కిలోల దాకా తూగుతుంది. మంచినీళ్ల క్యానులా ఒంటిచేత్తో లేపబోతే చెయ్యి జారుతుంది.

నీళ్లు తగిలితే దానికి విపరీతమైన వేడి పుడుతుంది. ఒక కిలో ఆమ్లం బోలెడు నీళ్లలో కలిసినప్పుడు వచ్చే వేడి, రెండు లీటర్లకు పైగా నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తీసుకుపోగలదు. యాసిడ్ మీద గ్లాసెడు నీళ్లు పోశారనుకోండి. నీళ్లు తేలిక కాబట్టి పైనే ఉండిపోతాయి. రెండూ కలిసే పొరలో పుట్టిన వేడి మొత్తం ఆ కొద్ది నీళ్ల మీదే పడుతుంది. అవి అక్కడికక్కడే ఆవిరై, పక్కనున్న యాసిడ్‌ను ఎగజిమ్ముతాయి. కాగిన నూనెలో తడి గరిటె పెట్టినట్టే, కాకపోతే ఇక్కడ చిమ్మేది కంట్లో పడితే చూపు పోతుంది. అదే నీళ్లలో యాసిడ్‌ను సన్న ధారగా పోస్తే బరువుకు కిందికి దిగుతుంది, చుట్టూ ఉన్న నీళ్లు వేడిని పంచుకుంటాయి. గాజు పాత్రలో పోస్తుంటే పక్క నుంచి చూడండి, పాకం తీగలు మెలికలు తిరుగుతూ అడుగుకు జారినట్టు కనబడుతుంది. ఆ తీగలు కనబడుతున్నాయంటే ఇంకా కలవలేదని అర్థం. కలియబెట్టకుండా పోస్తూ పోతే అడుగున పేరుకుంటుంది, తర్వాత ఒక్కసారి కదిపినప్పుడు భగ్గున వేడెక్కి పొంగుతుంది.

బ్యాటరీకి పోసే యాసిడ్ కావాలంటే 3 లీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1 లీటరు గాఢ ఆమ్లం కలుపుతారు. చల్లారాక హైడ్రోమీటర్ (ద్రవం నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో చూపే గాజు గొట్టం) 1.28 దగ్గర నిలుస్తుంది. లీటరంతా ఒక్కసారే పోస్తే వేడి మరిగే దగ్గరికి పోతుంది. పల్చటి ప్లాస్టిక్ టబ్బయితే మెత్తబడి ఒరిగిపోతుంది. 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, కలిపి, ఆగి, మళ్లీ పోయాలి. జింకు పూత బకెట్, అల్యూమినియం గిన్నె దగ్గరికే రానివ్వొద్దు. కొత్తవాళ్లు చేసే తప్పు ఇంకొకటి ఉంది. వేడిగా ఉండగానే హైడ్రోమీటర్ ముంచుతారు. వేడి ద్రవం పల్చబడి 1.26 చూపిస్తుంది, తక్కువైందని ఇంకాస్త యాసిడ్ పోస్తారు. చల్లారాక చూస్తే మోతాదు మించి ఉంటుంది, అది బ్యాటరీ లోపలి సీసపు పలకలను త్వరగా తినేస్తుంది. నన్నడిగితే, కలిపిన యాసిడ్ బజారులో దొరుకుతున్నప్పుడు చిన్న దుకాణంలో గాఢ ఆమ్లం పెట్టుకోవాల్సిన పనే లేదు.

వాడుకలో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీలో మట్టం తగ్గితే మాత్రం డిస్టిల్డ్ వాటరే పోయాలి. చార్జింగులో తగ్గేది నీళ్లే, ఆమ్లం అందులోనే ఉంటుంది. పలకలు మునిగేంత నీళ్లు ఉంటే ముందు చార్జి చేసి, తర్వాత నింపండి. ముందే నిండుగా పోస్తే చార్జి అవుతున్నకొద్దీ మట్టం పెరిగి మూతల మీదికి పొంగుతుంది. చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకు పేలుతుంది. కిటికీ తెరవండి, చార్జర్ ఆపకుండా క్లిప్పులు పీకొద్దు.

ఇప్పుడు ఒంటి మీద పడ్డ సంగతి. చెంచాడు యాసిడ్ మీద పంపు ధార పెడితే ఆమ్లం కొంచెం, నీళ్లు బోలెడు. పుట్టిన వేడి నీళ్లతోనే కొట్టుకుపోతుంది. ప్రమాదం తడిగుడ్డతో అద్దినప్పుడే వస్తుంది. ఆ కాసిని నీళ్లు వేడిని పుట్టిస్తాయే గానీ మోసుకుపోలేవు. అందుకే దస్తీ తడిపి తుడవడం, చెంబెడు నీళ్లతో సరిపెట్టడం పనికిరావు. కనీసం 20 నిమిషాలు ధార ఆగొద్దు. బట్టలు తడుస్తుండగానే విప్పాలి. చొక్కా తల మీదుగా లాగితే మొహానికి రుద్దుకుంటుంది, కత్తిరించేయాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విప్పి పట్టి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పారేలా కడగాలి. లేకపోతే ఆ నీళ్లే రెండో కంట్లోకి పోతాయి. పసుపు, టూత్‌పేస్టు, సిరా, సున్నం ఏవీ పెట్టొద్దు. ఆమ్లానికి క్షారం విరుగుడని చదివారు, నిజమే, కానీ చర్మం మీద ఆ చర్య జరిగితే మళ్లీ వేడే. అది పరీక్షనాళికలో చేసుకోండి.

ఒక్కదానికి మాత్రం నీళ్లు చాలవు. గాజు మీద చెక్కడానికి, కొన్నిరకాల తుప్పు మరకలు తీయడానికి వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పల్చనిది పడితే వెంటనే మంట కూడా ఉండకపోవచ్చు. గంటల తర్వాత లోపలి నుంచి నొప్పి మొదలవుతుంది. అప్పటికే అది ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుని ఉంటుంది, గుండె లయ కూడా తప్పవచ్చు. ఇది పడితే కడుగుతూనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ తెప్పించాలి, నొప్పి లేకపోయినా ఆస్పత్రికి పోవాలి.

నేల మీద ఒలికితే మొదట పొడి ఇసుకతో కట్ట వేసి ఆపండి. మెకానిక్ షెడ్లలో ఆయిల్ పడ్డచోట రంపపు పొట్టు చల్లే అలవాటుంది. యాసిడ్ మీద అది వద్దు. గాఢ నైట్రిక్ ఆమ్లం తగిలితే పొట్టు అంటుకుంటుంది, సల్ఫ్యూరిక్ దాన్ని బొగ్గు చేస్తుంది. తర్వాత సోడా యాష్ (నీళ్లు లేని సోడియం కార్బొనేట్ పొడి) అంచుల నుంచి మధ్యకు కొంచెం కొంచెంగా చల్లాలి. కిలో గాఢ సల్ఫ్యూరిక్‌కు కిలోకు కాస్త పైన, కిలో 33 శాతం హైడ్రోక్లోరిక్‌కు అరకిలో పడుతుంది. స్ఫటికాల చాకలి సోడా అయితే అందులో నీళ్లే ఎక్కువ కాబట్టి రెండున్నర రెట్లకు పైగా కావాలి. బుసబుస పొంగుతున్నంతసేపూ ఆమ్లం మిగిలి ఉన్నట్టే. పొంగు ఆగాకే నీళ్లు కొట్టాలి.

బాత్‌రూములు కడిగే యాసిడ్ హైడ్రోక్లోరిక్. దీని పొగ ఘాటు ముందే హెచ్చరిస్తుంది. మన ఎండల్లో క్యానులో వాయువు బిగుసుకుని ఉంటుంది కాబట్టి మూత పావు తిప్పు తిప్పి, బుస్సుమనడం ఆగాక పూర్తిగా తీయండి. అసలు భయం బ్లీచింగ్ పౌడర్‌తో. రెండూ కలిస్తే తెల్లబడుతుందని ఒకదాని మీద ఒకటి పోస్తారు. వచ్చేది క్లోరిన్, తలుపు మూసిన బాత్‌రూములో ఊపిరి ఆడదు. మొహానికి కట్టిన దస్తీ వాయువును ఆపదు. నైట్రిక్ ఆమ్లం రాగి, ఇత్తడి మీద పడితే ఎర్రటి గోధుమరంగు పొగ వస్తుంది. పీల్చినవాళ్లు సాయంత్రానికి బాగానే ఉన్నామంటారు, రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అది పీల్చిన మనిషిని ఇంటికి పంపొద్దు.

రామగుండం, చెల్పూరు వంటి థర్మల్ కేంద్రాలకు పనికి పోయేవాళ్లకు ఒక వింత. 98 శాతం సల్ఫ్యూరిక్‌ను మామూలు ఇనుప ట్యాంకులోనే నిల్వ చేయవచ్చు. ఇనుము మీద ఐరన్ సల్ఫేట్ పొర కట్టి కాపాడుతుంది. ఖాళీ చేసిన ట్యాంకులోకి కాసిని నీళ్లు చేరితే మిగిలిన ఆమ్లం పల్చబడి, ఆ పొర పోయి, ఇనుమును తింటూ హైడ్రోజన్ వదులుతుంది. బయటికి ఖాళీ ట్యాంకే. దాని మీద వెల్డింగ్ పెడితే పేలుతుంది. బాగా కడిగి, గాలి పరీక్ష చేసి, వెల్డింగ్‌కు రాసిచ్చే పర్మిట్ చేతికొచ్చేదాకా టార్చి వెలిగించొద్దు.

కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ పోసి పెట్టడం ఎక్కడ చూసినా అక్కడికక్కడే ఆపండి. పొరపాటున ఎవరైనా తాగితే మన ఊళ్లలో పేడనీళ్లో సబ్బునీళ్లో పట్టించి కక్కిస్తారు. పైకి వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. నోరు కడిగించి, 108కి ఫోన్ చేసి, సీసాను కూడా ఆస్పత్రికి తీసుకుపోండి. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లకు యాసిడ్ అమ్మకూడదు, కొనేవాళ్లు గుర్తింపు కార్డు చూపాలి, దుకాణంలో రిజిస్టరు ఉండాలి. మిమ్మల్ని తెమ్మని పంపితే ఆ మాట చెప్పండి.

చేతికి నియోప్రిన్ రబ్బరు లేదా మందపాటి పీవీసీ గ్లోవ్స్, కళ్లకు అన్నివైపులా మూసే గాగుల్స్, దానిపైన ఫేస్ షీల్డ్ వేసుకోండి. ప్యాంటు గంబూట్ల మీదికి వదలాలి, లోపలికి దోపితే కారింది బూటులోకే పోతుంది. ఇవన్నీ వేసుకున్నాక, మూత తీయకముందు, పంపు తిప్పి చూడండి. నిమిషానికి పది లీటర్ల ధార అనుకుంటే 20 నిమిషాలకు 200 లీటర్లు. ఎండాకాలం పంపు రాని రోజున పక్కన అన్ని నీళ్లు నింపిన డ్రమ్ము, మగ్గు ఉన్నాయా? లేకపోతే ఆ రోజు క్యాను ముట్టుకోవద్దు.

మీ తాత