టైగెటోస్ కొండల మెలింగోయి: బంగారు ముద్ర వెనుక బేరం

దక్షిణ గ్రీసులోని పెలొపొనీసస్ జనంలో స్లావు రక్తం ఎంత అన్న పాత తగాదా రాజుకున్నప్పుడల్లా అక్కడి టైగెటోస్ కొండల్లో స్థిరపడ్డ మెలింగోయి అనే స్లావు తెగ పేరు బయటికొస్తుంది. గ్రీకులను తుడిచిపెట్టి వీళ్లే నిండిపోయారని ఒక వర్గం, వీళ్లే ఆనవాలు లేకుండా పోయారని మరో వర్గం. తొలి వలసల గురించి బోలెడు రాశారు. అసలు మలుపు 10వ శతాబ్దంలో ఉంది.

921 ప్రాంతంలో మెలింగోయి, వారి పొరుగు తెగ ఎజెరీటాయి తమను ఏలుతున్న బైజాంటియంపై, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యంపై తిరగబడ్డారు. గవర్నరు పెట్టిన నాయకుణ్ణి ఒప్పుకోలేదు, సైన్యానికి మనుషుల్ని పంపలేదు, పన్ను కట్టలేదు. చక్రవర్తి రోమనోస్ లెకపీనోస్ పంపిన కొత్త గవర్నరు క్రినిటీస్ మార్చి నుంచి నవంబరు దాకా వాళ్ల పంటలు తగలబెట్టాడు. చివరికి లొంగారు. అప్పటిదాకా ఏటా మెలింగోయి 60, ఎజెరీటాయి 300 బంగారు నాణేలు కట్టేవారు. ఇప్పుడు ఒక్కో తెగకు 600 అన్నారు.

కానీ క్రినిటీస్‌కు బదిలీ అయింది. అతని తర్వాతి గవర్నరు హయాంలో అధికారులు తమలో తాము కొట్టుకున్నారు, బయటి స్లావులు దాడికి దిగారు. అదను చూసి రెండు తెగలూ పాత పన్నే ఉంచమని రాజధానికి అర్జీ పెట్టుకున్నాయి. కాదంటే వీళ్లూ ఆ దాడిలో చేరతారన్న భయంతో చక్రవర్తి బంగారు ముద్ర వేసిన ఫర్మానాతో మళ్లీ 60, 300 ఖాయం చేశాడు. ఇదంతా రాసిపెట్టింది ఆయన అల్లుడు, ఏడవ కాన్‌స్టంటైన్ చక్రవర్తి. పన్ను తినే ఇంటివాళ్లే ఇంత ఒప్పుకున్నారు మరి!

తుడిచిపెట్టుకుపోయిన వాళ్లు ఇలా బేరమాడరు. 1240ల చివర్లో అప్పటికి పెలొపొనీసస్‌ను ఏలుతున్న ఫ్రాంకు (పశ్చిమ ఐరోపా) ప్రభువు విల్‌హార్డువిన్ చుట్టూ కోటలు కట్టినప్పుడూ వాళ్ల షరతు దాదాపు ఇదే: పన్ను, వెట్టి వద్దు, యుద్ధానికైతే వస్తాం. ఆయన సరేనన్నాడు. 1330లలో ‘ఓయిటిలో’ అనే ఊరి చర్చి శాసనంలో మెలింగోయి దళాధికారి కాన్‌స్టంటైన్ స్పానిస్ దాతగా కనిపిస్తాడు. శాసనం గ్రీకులోనే ఉంది. అలా కలిసిపోవడానికి తరాలు పట్టింది, నరమేధం అక్కర్లేకపోయింది.

నేటి గ్రీకుల్లో ప్రాచీనుల రక్తం చుక్కైనా లేదని 1830లో చరిత్రకారుడు ఫాల్‌మెరాయర్ అన్నది ఈ శతాబ్దాలన్నిటినీ దాటేసే. 2017 నాటి జన్యు అధ్యయనం పెలొపొనీసస్‌లో ప్రాంతాన్ని బట్టి స్లావు వారసత్వాన్ని 0.2 నుంచి 14.4 శాతంగా లెక్కగట్టి ఆ మాటను తోసిపుచ్చింది. అలాగని రెండో వర్గం చేతులూ శుభ్రంగా లేవు. 1909లో గ్రీసు ప్రభుత్వం ఊళ్ల పేర్ల పరిశీలనకు కమిషన్ వేసింది. తర్వాత టైగెటోస్ కొండల్లో స్లావు పేరున్న ఊరు అనస్తాసోవా కాస్తా నెదూసా అయింది.