ఫ్రేమ్ కట్టిన లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ అమ్మాలంటే: అపోహలు – వాస్తవాలు

లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ అంటే, ఇన్నే ప్రతులని ముందే లెక్క కట్టి అచ్చు వేసిన ఆర్టిస్ట్ బొమ్మ. సొంత కలెక్షన్‌లోని అలాంటి ప్రింట్ అమ్మిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాట ఫ్రేమ్‌తోనే మొదలుపెడతారు. మంచి చెక్క అండీ, అప్పట్లోనే బోలెడు పోసి కట్టించాం, అంటారు. కొనేవాళ్లు అడిగేది మాత్రం ఒకటే: "ఫ్రేమ్ విప్పి, కాగితం నాలుగు అంచులూ కనిపించేలా ముందూ వెనకా ఫోటోలు పెడతారా?"

అపోహ: ఫ్రేమ్ బాగుంటే రేటు పెరుగుతుంది.

వాస్తవం: చాలాసార్లు పెరగదు. కొన్నిసార్లు ఆ ఫ్రేమే కొంప ముంచుతుంది. బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్టని మౌంట్ అంటాం. అది చవకరకం చెక్కగుజ్జుతో చేసిందైతే, ఏళ్లు గడిచేకొద్దీ అందులోని ఆమ్లం ప్రింట్‌లోకి దిగి, కోసిన అంచు వెంబడి గోధుమరంగు గీత పడుతుంది. గోడ మీద ఉన్నంతకాలం అది ఎవరికీ కనిపించదు, మౌంట్ ఎత్తగానే తెలిసిపోతుంది. వెనక సెల్లో టేప్ అంటించి ఉంటే ఆ జిగురు మరక ముందువైపుకీ తేలుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే ప్రింట్‌ని వేడి పెట్టి బోర్డుకి పూర్తిగా అతికించేయడం, లేదా ఫ్రేమ్ సైజుకి సరిపోవడం లేదని అంచులు కత్తిరించేయడం. ఈ రెండూ చేసిన ప్రింట్‌కి రేటు ఏ మేరకు పడిపోతుందో చెబితే ఓనర్ నమ్మడు, ఫ్రేమ్ కట్టినవాణ్ణి తిట్టుకుంటాడు.

సరిగ్గా కట్టిన ఫ్రేమ్ విప్పితే లోపల ఆమ్లం లేని అట్ట ఉంటుంది, పైఅంచున జపనీస్ కాగితపు చిన్న ముక్కలు, గోధుమ స్టార్చ్ జిగురుతో అంటించినవి, ఉంటాయి. తడి తగిలిస్తే అవి ఊడొస్తాయి. అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో సందు ఉంటుంది. అంతే, గొప్ప చెక్క అక్కర్లేదు. విప్పడం చేతకాకపోతే మాత్రం తెలిసినవాళ్లతోనే విప్పించండి, పాత టేప్‌ని లాగకండి.

అపోహ: చిన్న నంబరుంటే విలువ ఎక్కువ.

వాస్తవం: 3/150 (అంటే 150 ప్రతుల్లో 3 నంబరుది) ఉన్నా 141/150 ఉన్నా సాధారణంగా తేడా ఉండదు, ఎందుకంటే నంబర్లు వేసేది సంతకం పెట్టేటప్పుడు, ఆ కట్టలో ముందు అచ్చయిందే పైన ఉండాలని లేదు. లోహపు ప్లేటు మీద సూదితో నేరుగా గీసి అచ్చు తీసే డ్రైపాయింట్ లాంటి పద్ధతిలో ప్లేటు త్వరగా అరిగిపోతుంది కాబట్టి ముందు తీసిన ప్రతుల్లో గీత చిక్కగా ఉంటుంది, నిజమే, కానీ అది ప్రింట్‌ని చూసి చెప్పాల్సిన మాట, నంబరు చూసి కాదు. నంబరు బదులు ఏ.పీ. (ఆర్టిస్ట్ ప్రూఫ్) అని ఉంటే అది ఆర్టిస్ట్ కోసం విడిగా ఉంచిన ప్రతి. అమ్మేటప్పుడు ఎడిషన్ ఎన్ని, ఈ విడి ప్రతులు ఎన్ని, రెండూ చెప్పాలి.

అపోహ: సంతకం, సర్టిఫికెట్ ఉన్నాయి, ఇక అనుమానం ఎందుకు?

వాస్తవం: సంతకాన్ని కూడా అచ్చు వేయొచ్చు. భూతద్దం పెట్టి చూడండి. పెన్సిల్ గీతైతే కాగితం గరుకు మీద తెగుతూ సాగుతుంది, పక్కనుంచి లైటు వేస్తే కొద్దిగా మెరుస్తుంది, ఒత్తిడికి కాగితం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అచ్చులో అలాంటిదేమీ ఉండదు, చాలాసార్లు సన్నని చుక్కలు కనిపిస్తాయి. పోనీ సంతకం అసలుదే అనుకుందాం, అప్పుడూ పని అయిపోలేదు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ వేల సంఖ్యలో ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు పెట్టేశాడు, తర్వాత వాటి మీద ఎవరేం అచ్చు వేశారో తేల్చడం ఇప్పటికీ తలనొప్పే.

అలాగని ముందువైపు సంతకం లేదని టెన్షన్ పడకండి. అమెరికన్ ఆర్టిస్ట్ ఆండీ వార్హోల్ 1967లో 250 ప్రతుల ఎడిషన్‌గా వేయించిన నటి మార్లిన్ మన్రో ప్రింట్లకు సంతకం, నంబరు వెనకవైపే ఉంటాయి. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ కాలంలో అసలు నంబర్లు వేసే అలవాటే లేదు, కాబట్టి ఆయన ఎచింగ్ (లోహపు ప్లేటును ఆమ్లంతో గీతలు పడేలా చేసి తీసిన అచ్చు) మీద పెన్సిల్‌తో 12/50 అని కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి.

సర్టిఫికెట్ అంటారా, అది ఎవరు రాశారన్నదాన్ని బట్టే దానికి విలువ. నేనైతే పాత కొనుగోలు రసీదుకే ఎక్కువ మార్కులు వేస్తాను. పేరున్న ఆర్టిస్టులకు వాళ్ల ప్రింట్లన్నీ నమోదు చేసిన పూర్తి కేటలాగులు ఉంటాయి. అందులో కాగితం రకం, కొలతలు, ఎడిషన్ సంఖ్య మీ దగ్గరున్న ప్రింట్‌తో సరిపోవాలి. కొలతలు ఫ్రేమ్‌వి కాదండోయ్, కాగితానివి.

అపోహ: ఇన్సూరెన్స్ వాల్యుయేషన్ ఎంతుంటే అంతకు అమ్ముడుపోతుంది.

వాస్తవం: ఆ వాల్యుయేషన్, ప్రింట్ పోతే అలాంటిది మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు, మీ చేతికొచ్చేది కాదు. ఆన్‌లైన్‌లో కనిపించే రేటు కూడా అమ్మేవాడి ఆశే. అదే ఎడిషన్ ప్రింట్ వేలంలో నిజంగా ఎంతకు పోయిందో చూడండి, అందులోనూ కొనేవాడు కట్టిన కమీషన్ కలిపి రాశారో లేదో చూడండి, ఆపైన అమ్మినందుకు మీరిచ్చే కమీషన్ తీసేయండి.

అపోహ: అమ్మేముందు కాస్త శుభ్రం చేస్తే మంచిది.

వాస్తవం: వద్దు. మరకలు ఉన్నవి ఉన్నట్టే ఫోటో తీసి చెప్పండి. ఎండకు వెలిసిన రంగు ఎలాగూ తిరిగి రాదు.

అపోహ: అద్దంతో పాటే పంపేస్తే సరి.

వాస్తవం: అద్దం పగిలితే ముక్కలు ముందుగా కోసేది ప్రింట్‌నే. దగ్గర్లోవాళ్లకైతే చేతికివ్వండి. దూరం పంపాలంటే ఫ్రేమ్ లేకుండా రెండు గట్టి బోర్డుల మధ్య చదునుగా పెట్టి పంపడమే నాకిష్టం. ఫ్రేమ్ కూడా కావాలంటే అద్దం మీద టేప్ అడ్డదిడ్డంగా వేయండి, అది అక్రిలిక్ షీట్ అయితే మాత్రం వేయకండి, పైపూత ఊడొస్తుంది. సన్నటి ట్యూబులో చుట్టి పంపొద్దు, స్క్రీన్ ప్రింట్ మీద మందపాటి రంగు పగుళ్లిస్తుంది. ప్యాక్ చేసే ముందు నాలుగు మూలల ఫోటోలు తీసి, ఆ రోజే కొన్నవాళ్లకు పంపేయండి.