అందరి సర్వర్లు, ఎవరి హద్దు వాళ్లకి: వర్చువలైజేషన్‌పై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్ చూసుకుంటాను. మా సర్వర్లు కొన్ని ఇక్కడ ఉన్నాయి, కొన్ని శ్రీకాకుళం దగ్గరున్న రెండో క్యాంపస్‌లో ఉన్నాయి. ఫోర్-టూ (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్) ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస పిల్లలు రాత్రిపూట ఇళ్ల నుంచే లాగిన్ అవుతారు. రెండు చోట్ల ఉన్న మెషీన్లనూ అందరికీ పంచేది వర్చువల్ మెషీన్ల ద్వారానే. అంటే ఒకే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన, దేని ఆపరేటింగ్ సిస్టమ్ దానికే ఉన్న విడివిడి కంప్యూటర్లు. ఇలా చేయడాన్నే వర్చువలైజేషన్ అంటారు. పిల్లల్లోనే కాదు, లెక్చరర్లలో, కొత్తగా చేరే అడ్మిన్లలో కూడా దీని మీద కొన్ని తప్పు అభిప్రాయాలు పాతుకుపోయాయి. వాటిలో కొన్ని నిజంగా ప్రమాదం తెచ్చేవి.

అపోహ: వర్చువల్ మెషీన్ ఇచ్చేస్తే యాక్సెస్ సంగతి తేలిపోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే. వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. అది చేసే పని ఒకరి మెషీన్‌ను మరొకరి నుంచి వేరు చేయడం. ఒకే సర్వర్ మీద నలుగురి పనులు నడుస్తుంటే ఒకరి మెమరీ మరొకరికి కనబడకుండా, ఒకరి ఆపరేటింగ్ సిస్టమ్ క్రాష్ అయినా మిగతావి ఆగకుండా అది చూసుకుంటుంది. అంతే. ఎవరు లోపలికి రావాలి, ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగాలు) వాడాలి, ఎప్పటిదాకా ఉండాలి అన్నది దానికి తెలియదు. అది మనం నిర్ణయించి చెప్పాలి.

చెప్పడానికి సాధనాలు ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొన్ని వర్చువల్ మెషీన్లను ఒక పూల్‌గా చేసి, ఆ పూల్ మీద ఫలానా గ్రూపుకు ఫలానా రోల్ (ఏమేం చేయొచ్చో చెప్పే హక్కుల జాబితా) అని ఇవ్వొచ్చు. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టుకు ఇన్ని కోర్లు, ఇంత మెమరీ, ఇంత డిస్క్ అని కోటా పెట్టొచ్చు. పెద్ద పరిశోధన సంస్థలు గ్రిడ్‌ల (వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను కలిపిన వ్యవస్థల) ద్వారా మెషీన్లు పంచుకోవడం మొదలుపెట్టినప్పుడే ఈ చిక్కు వచ్చింది. ఎక్కడో ఉన్న పరిశోధకుణ్ణి ఇక్కడి అడ్మిన్ ఎలా గుర్తుపడతాడు? అతను ఎవరో డిజిటల్ సర్టిఫికెట్ చెబుతుంది. ఏ బృందానికి చెందినవాడో 'వర్చువల్ ఆర్గనైజేషన్' అనే ఏర్పాటు చెబుతుంది. అడ్మిన్ ఒక్కో మనిషికి కాకుండా బృందానికి అనుమతి ఇస్తాడు. రెండు క్యాంపస్‌ల కాలేజీకీ ఇదే పద్ధతి సరిపోతుంది. ఒకే విద్యార్థికి ఇక్కడో అకౌంటు, అక్కడో అకౌంటు తెరవకూడదు. రెండు చోట్లా సర్వర్లు ఒకే ఎల్‌డ్యాప్ డైరెక్టరీని (వాడేవాళ్ల అకౌంట్లన్నీ ఒకేచోట ఉండే పట్టికను) అడగాలి. పిల్లాడు పాసై వెళ్లాక ఒక్కచోట మూసేస్తే రెండు చోట్లా లాగిన్ ఆగిపోతుంది.

గడువు కూడా అంతే ముఖ్యం. ప్రతి వర్చువల్ మెషీన్‌కూ ఒక యజమాని పేరు, ఒక ఆఖరి తేదీ ఉండి తీరాలి. బ్యాచ్ వెళ్లిపోయాక అప్‌డేట్లు లేకుండా, పాత పాస్‌వర్డుతో, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మెషీన్ ఒక్కటి మిగిలినా చాలు, బయటివాళ్లు దూరడానికి.

అపోహ: విద్యార్థులకు రూట్ (సిస్టమ్ మీద సర్వాధికారం) ఇవ్వకూడదు.

అందరూ ఒకే లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే చోట ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ ఒకరికి రూట్ ఇస్తే అందరి ఫైళ్లూ ఇచ్చినట్టే. కానీ ఎవరి వర్చువల్ మెషీన్ వాళ్లకు ఉన్నప్పుడు రూట్ అధికారం ఆ మెషీన్ లోపలికే పరిమితం. పిల్లలు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మార్చుకోవచ్చు, సర్వీసులు పాడుచేసి మళ్లీ నిలబెట్టుకోవచ్చు, మరొకరి పని చెడదు. అయితే వాళ్ల నెట్‌వర్క్‌ను విడిగా ఉంచాలి, దాన్ని మాత్రం మర్చిపోకూడదు. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ చేత్తో చేస్తేనే వస్తుంది. మన ప్రాంతపు పిల్లలకు ఆ అవకాశం ఇవ్వగలగడమే ఈ టెక్నాలజీలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

అపోహ: డాకర్ కూడా వర్చువల్ మెషీన్ లాంటిదే, కాకపోతే తేలిక.

తేలిక నిజమే, కానీ రెండూ ఒకటి కావు. డాకర్ నడిపేది కంటైనర్లను, అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన ఫైళ్లతో కలిపి విడిగా నడిపే పొట్లాలను. అవన్నీ హోస్ట్ (వాటిని నడిపే అసలు మెషీన్) కెర్నల్‌నే పంచుకుంటాయి. వర్చువల్ మెషీన్‌కు దాని కెర్నల్ దానిదే. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: మామూలు డాకర్ ఇన్‌స్టలేషన్‌లో ఎవరినైనా డాకర్ గ్రూపులో చేరిస్తే హోస్ట్ మీద రూట్ ఇచ్చినట్టే. హోస్ట్ డిస్క్ మొత్తాన్నీ కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుని ఏ ఫైలైనా మార్చేయొచ్చు. చాలామంది కలిసి వాడే ఉమ్మడి క్లస్టర్లలో (సర్వర్ల గుంపుల్లో) యాప్‌టైనర్ అనే మరో కంటైనర్ సాఫ్ట్‌వేర్ వాడేది అందుకే. అందులో లోపల నడిచే ప్రోగ్రామ్‌కు వాడేవాడికి ఉన్న హక్కులే ఉంటాయి, అంతకు మించి రావు.

అపోహ: వర్చువల్ మెషీన్‌లోంచి బయటకు దూకడం అసాధ్యం.

2015లో బయటపడిన 'వెనమ్' లోపం గుర్తుంచుకోండి. వర్చువల్ మెషీన్లకు హార్డ్‌వేర్‌ను అనుకరించి చూపే క్యూఎమూ అనే సాఫ్ట్‌వేర్‌లోని వర్చువల్ ఫ్లాపీ డ్రైవ్ కోడ్‌లో ఉన్న తప్పు అది. ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్ ద్వారా గెస్ట్ (లోపలి వర్చువల్ మెషీన్) నుంచి హోస్ట్‌లోకి దారి దొరికింది. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అయితే ప్రాసెసర్‌లోనే ఉన్న లోపాలు, ఒకరి మెమరీ మరొకరికి కనబడే దారి తెరిచాయి. కాబట్టి హోస్ట్‌కు అప్‌డేట్లు వేయడం వాయిదా వేయకండి. పరీక్షల విభాగం మెషీన్‌ను, విద్యార్థుల మెషీన్లను ఒకే హోస్ట్ మీద పెట్టకండి.

అపోహ: నాకు ఎనిమిది కోర్లు ఇచ్చారు కాబట్టి ఎనిమిదీ నావే.

ఒకే ట్యాంకు మీద నాలుగు వాటాలున్న ఇంట్లో అందరూ పొద్దున్నే కుళాయి తిప్పితే ఏమవుతుంది? ఇక్కడా అంతే. ఉన్న కోర్లకంటే ఎక్కువ వర్చువల్ కోర్లు పంచడం మామూలే, ఎందుకంటే అందరూ ఒకేసారి పూర్తిగా వాడరు. సబ్‌మిషన్ వారంలో మాత్రం వాడతారు. సీపీయూ చాలకపోతే పనులు నెమ్మదిస్తాయి. మెమరీ చాలకపోతే పరిస్థితి వేరు: హోస్ట్ స్వాప్‌లోకి (మెమరీ బదులు నెమ్మదైన డిస్క్ వాడకంలోకి) జారుతుంది, లేదా కెర్నల్ ఏదో ఒక వర్చువల్ మెషీన్‌నే ఆపేస్తుంది. అందుకే సీపీయూను ఉదారంగా, మెమరీని ఆచితూచి పంచాలి.

అపోహ: వర్చువలైజ్ చేస్తే స్పీడు సగానికి పడిపోతుంది.

ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్‌లోనే దీనికి ఏర్పాటు చేశాక లెక్కల పనుల్లో తేడా చాలా కొద్ది. నెమ్మదిగా ఉందంటే ముందు డిస్క్, నెట్‌వర్క్‌లకు వర్ట్‌ఐఓ డ్రైవర్లు (వర్చువల్ మెషీన్ల కోసమే చేసినవి) ఉన్నాయో లేదో చూడండి.

అపోహ: మెషీన్‌ను నడుస్తుండగానే ఇంకో సర్వర్‌కు మార్చొచ్చు, ఇక తుఫాను వచ్చినా టెన్షన్ లేదు.

2014లో హుద్‌హుద్‌నీ 2018లో తిత్లీనీ చూసిన జిల్లాలు మనవి. లైవ్ మైగ్రేషన్ అంటే నడుస్తున్న మెషీన్ మెమరీని పేజీల వారీగా నెట్‌వర్క్ మీదుగా రెండో సర్వర్‌కు పంపడం. అందుకు రెండు సర్వర్లూ బతికి ఉండాలి, మధ్యలో లింకూ ఉండాలి. కరెంటు పోయి, ఫైబర్ తెగాక కదిలించడానికి ఏమీ మిగలదు. తుఫాను హెచ్చరిక రాగానే, ముందే తరలించాలి. బ్యాకప్ కాపీ ఒకటి తీరానికి దూరంగా ఉండాలి. స్నాప్‌షాట్‌ను (ఒక క్షణంలో మెషీన్ ఉన్న స్థితిని దాచిపెట్టడాన్ని) బ్యాకప్ అనుకునేవాళ్లూ ఉన్నారు. అది సాధారణంగా అదే స్టోరేజీ మీద ఉంటుంది, ఆ స్టోరేజీ పోతే అదీ పోతుంది.

అపోహ: ఇదంతా పెద్ద డేటా సెంటర్లున్న కంపెనీలకే.

ఐబీఎం 1972లోనే వీఎం/370 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఒక ఖరీదైన మెషీన్‌ను చాలామందికి పంచడానికే. యూరప్ కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్ వాళ్ల ఎల్‌హెచ్‌సీ@హోమ్ ప్రాజెక్టులో ప్రపంచమంతా ఉన్న వలంటీర్ల ఇళ్లలోని మామూలు కంప్యూటర్లలో వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్ నడుస్తుంది. సెర్న్ ప్రోగ్రామ్‌కు కావలసిన లినక్స్ దానికి దొరుకుతుంది, ఇంటివాళ్ల ఫైళ్ల జోలికి అది వెళ్లదు. కేవీఎం అనే హైపర్‌వైజర్ 2007 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, దానికి లైసెన్సు ఫీజు లేదు. మీ ల్యాబ్ పీసీల్లో విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద 'వర్చువలైజేషన్' ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగ్‌లలో) ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనే సెట్టింగ్ వెతికి ఆన్ చేయండి.